మమ్మల్ని మామూలు అడక్కండి

భూకంపం వచ్చి నెల దాటిన దగ్గర్నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న. "ఇప్పుడంతా మామూలే కదా?" ప్రేమతోనే అడుగుతారు, తెలుసు. అవునంటే వాళ్ళకి ఊరట. కాదంటే అవతల కాసేపు మౌనం, ఆ తర్వాత వాళ్ళు ధైర్యం చెప్పడం, వాళ్ళు కంగారు పడుతున్నారని తిరిగి మనం వాళ్ళకి ధైర్యం చెప్పడం. ఎందుకొచ్చిన గొడవని చాలా రోజులు నేనూ అవుననే అన్నాను. మన భాషలో మామూలు అంటే గుమ్మం దగ్గర నిలబడి వసూలు చేసుకుపోయేది కూడా. ఇదీ అలాంటిదే. చేతిలో పెడితే గానీ కదలరు.

ఇల్లు కూలిపోయినవాళ్ళ గురించి కాదు నేను రాసేది. ఆ కష్టం ముందు నాకు నోరు పెగలదు. మా ఇల్లు నిలబడింది. మనుషులం నలుగురమూ క్షేమం. గోడలు బీటలు వారాయి, అద్దాల బీరువా పోయింది, అంతే. ఊరి లెక్కలో మేం "ఏమీ కానివాళ్ళం". ఆ ఏమీ కానివాళ్ళే మళ్ళీ అదే ఇంట్లో గిన్నెలు తోముకుని, పిల్లని బడికి పంపి, రాత్రికి లైటార్పి పడుకోవాలి. అది ఎన్నాళ్ళలో కుదురుతుందో పైవాళ్ళు గడువు పెట్టకూడదని నా వాదన. మేం పడ్డ కష్టంలో సగం ఆ గడువు వల్ల వచ్చిందే.

గడువు పెట్టింది మొదట పచ్చ చీటీ.

నాలుగో రోజు ఒక ఇంజనీరు వచ్చాడు. మాది మూడంతస్తుల బిల్డింగు, మేం పైవాటాలో ఉంటాం. కింద నుంచి మొదలుపెట్టి పిల్లర్లన్నీ చూశాడు, బిల్డింగు ఏ పక్కకైనా ఒరిగిందేమోనని రోడ్డు అవతల నిలబడి చూశాడు, మెట్ల కింద టార్చి వేసి చూశాడు. అరగంట కూడా పట్టలేదు. గేటుకి ఆకుపచ్చ చీటీ అంటించి వెళ్ళాడు. ఈ రంగుల పద్ధతి 1989లో కాలిఫోర్నియాలో తయారై, తర్వాత చాలా దేశాలకి పాకింది. ఎరుపు అంటే లోపలికి అడుగు పెట్టొద్దు. పసుపు అంటే కొంత మేరకే వాడుకోవాలి. ఆకుపచ్చ అంటే, పైపైన చూసినంతలో కట్టడానికి ప్రమాదమేదీ కనబడలేదు. ఆ వాక్యాన్ని నెమ్మదిగా చదవండి. చూసినంతలో. కనబడలేదు. ఆ అబ్బాయి నిజాయితీపరుడు, మెట్లు దిగుతూ చెప్పాడు కూడా: "ఇది ఇవాళ్టి సంగతి మేడమ్. మళ్ళీ గట్టిగా కదిలితే మళ్ళీ చూడాలి."

ఆ రెండో మాట ఎవరూ వినలేదు. ఆ సాయంత్రం నుంచి పచ్చ చీటీ మా ధైర్యానికి రసీదైపోయింది. చీటీ రాకముందు బయట పడుకుంటే జాగ్రత్త, చీటీ వచ్చాక పడుకుంటే చాదస్తం. "మీది ఆకుపచ్చే కదా, ఇంకా ఎందుకు భయం?" అన్నారు పక్క వీధి వాళ్ళు. ఇల్లు నిలుస్తుందా అన్నది ఒక ప్రశ్న, దానికి జవాబు ఇంజనీరు దగ్గర ఉంటుంది. ఆ ఇంట్లో కళ్ళు మూసుకుని పడుకోగలమా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబుని రెండోదానికి అంటిస్తారు అందరూ.

నేను ఇంజనీరుని నమ్మనిదాన్ని కాదు. ఆ అరగంటలో అతను నాకు నేర్పినది ఇంకెవరూ నేర్పలేదు. హాల్లో కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా పెద్ద బీట. దాన్ని చూసే మాకు గుండె జారిపోయింది. అతను దానికేసి సరిగ్గా చూడనైనా లేదు. ఇది పిల్లర్ల మధ్య ఖాళీ నింపడానికి కట్టిన గోడ, బరువు మోసేది ఇది కాదు అన్నాడు. పిల్లరూ బీమూ కలిసే చోట వేలు పెట్టి, "ఇక్కడ వెంట్రుకంత గీత కనబడినా నాకు ఫోన్ చెయ్యండి" అన్నాడు. నా చేతికి పెన్సిలిచ్చి బీట రెండు చివర్లా అడ్డగీతలు గీయించి, పక్కన తారీఖు రాయించాడు. బీట ఆ గీత దాటి పాకితే ఇంకా కదులుతున్నట్టు. సన్నటి గాజుముక్క ఒకటి బీటకి అడ్డంగా సిమెంటుతో అంటించుకోమన్నాడు, గోడ జరిగితే ముందు అది పగులుతుందని.

మా అత్తయ్యకి ఆ బీట కళ్ళబడితే చాలు, వంట్లో బాగుండేది కాదు. "పుట్టీ కొట్టించెయ్యమ్మాయ్, పీడా పోతుంది" అని రోజూ అనేది. తాపీ మేస్త్రి కూడా అదే అన్నాడు, ఒక్క పూటలో మాయం చేస్తానన్నాడు. చివరికి రాజీ పడ్డాం. ఆవిడ పడుకునే గదిలో బీటలు పూడ్పించాం, హాల్లోది అలాగే ఉంచాం. పెన్సిలు గీతల పక్కన నేను రాసిన తారీఖులు ఇప్పటికి పదకొండు. పది ఒకే చోట ఉన్నాయి. ఒకటి మాత్రం, మూడో వారంలో, గోరంత పైకి జరిగింది. పుట్టీ కొట్టించి ఉంటే ఆ గోరంత ఎవరికీ తెలిసేది కాదు.

ఇక "నెల దాటింది కదా" అనే మాట సంగతి చూద్దాం. దాని వెనక ఒక లెక్క ఉందనుకుంటారు గానీ అసలు లెక్క వేరు. 1891లో జపాన్‌లో నోబి ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. దాని వెనకాల వచ్చిన ప్రకంపనలన్నీ కూర్చుని లెక్కపెట్టిన ఒమోరి ఫుసాకిచి అనే శాస్త్రవేత్త 1894లో ఒక సూత్రం చెప్పాడు. ఉజ్జాయింపుగా దాని సారం ఇదీ: మొదటి రోజు వంద కుదుపులొస్తే పదో రోజుకి పది, వందో రోజుకి ఒకటి. తగ్గుతాయి. కానీ తగ్గే జోరు కూడా రోజురోజుకీ తగ్గుతుంది. నోబి భూకంపం తాలూకు చిన్నచిన్న కుదుపులు దాదాపు నూరేళ్ళ పాటు ఆ లెక్క ప్రకారమే పల్చబడుతూ వచ్చాయి. ఆ తోకకి నెల అనే కొస లేదు.

పైగా ఆ సూత్రం ఎన్ని వస్తాయో చెబుతుంది తప్ప ఎంత పెద్దవి వస్తాయో చెప్పదు. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చింది. పదిహేడు రోజుల తర్వాత, మే 12న, 7.3తో ఇంకోటి. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర 2010 సెప్టెంబరులో వచ్చిన 7.1 భూకంపానికి ఇళ్ళు దెబ్బతిన్నా ఊరు గండం గడిచిందనుకుంది. అయిదున్నర నెలలకి, 2011 ఫిబ్రవరి 22న, దానికన్నా చిన్నదే, 6.2, సరిగ్గా ఊరి పక్కనే, తక్కువ లోతులో వచ్చి 185 మందిని తీసుకుపోయింది. (పేపర్లలో ఇప్పటికీ రిక్టర్ స్కేలు అనే రాస్తారు గానీ ఆ పాత కొలత పక్కనబెట్టి దశాబ్దాలైంది. అంకె పెద్దదైతే ప్రమాదం పెద్దదనుకోవడం కూడా అలా పాతబడాల్సిన అలవాటే. ఎంత దగ్గర, ఎంత లోతు అన్నవి అడగాలి ముందు.) అయిదో వారంలో కూడా చెప్పులు మంచం పక్కనే పెట్టుకునే మా అత్తయ్య మూఢురాలు కాదని చెప్పడానికి ఇదంతా.

ఇంత పెద్ద మాటలు ఎందుకు, ఇంట్లో పని మాట చెబుతాను. మామూలు అడిగేవాళ్ళెవరికీ ఇది కనబడదు.

రోడ్డు కింద పైపు విరిగి పందొమ్మిది రోజులు కుళాయి రాలేదు. విపత్తుల్లో సాయం చేసే సంస్థలు స్ఫియర్ ప్రమాణాలని కొన్ని పాటిస్తాయి. వాటి ప్రకారం మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్ళు కావాలి, తాగడానికీ వంటకీ ఒంటి శుభ్రానికీ కలిపి. కాగితం మీద చిన్న అంకె. మేం నలుగురం, అంటే 60 లీటర్లు. 60 లీటర్లంటే 60 కిలోలు. 20 లీటర్ల క్యాన్లు మూడు, ట్యాంకరు ఆగే చోటు నుంచి ఇంటికి, లిఫ్టు ఆపేశారు కాబట్టి మెట్ల మీదుగా మూడో అంతస్తుకి, ప్రతి రోజూ. మొదటి వారంలోనే నా చేతులు పిడికిలి బిగించలేని స్థితికి వచ్చాయి. పైకి వచ్చిన నీళ్ళకి మళ్ళీ ఒక వరస: గిన్నెలు కడిగినవి ఒక బకెట్లో, ఆ బకెట్‌వి నేల తుడవడానికి, తుడిచినవి లెట్రిన్లోకి. ఆ చివరి మెట్టులో ఒక తప్పు చేశాం. డ్రైనేజీ పైపు చూపించుకోకుండా నీళ్ళు పోశాం. అది మధ్యలో ఎక్కడో విరిగి పూడుకుపోయి ఉంది. మేం పైన పోసిందంతా కింది వాటా వాళ్ళ బాత్రూములో పైకి తన్నుకొచ్చింది. వాళ్ళు మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ పూటంతా నేనూ ఆవిడా ముక్కులకి గుడ్డలు కట్టుకుని కడిగాం, అదీ ట్యాంకరు నీళ్ళతోనే.

కుళాయి వచ్చిన పొద్దున మా ఆయన హాల్లో నిలబడి, "హమ్మయ్య, మామూలైపోయాం" అన్నాడు. అత్తయ్య ఏమీ అనకుండా వెళ్ళి ఇంట్లో ఉన్న బకెట్లన్నీ నింపడం మొదలుపెట్టింది. ఇప్పటికీ నింపుతుంది.

స్నానం సంగతి ఎవరూ రాయరు. కుదుపు వస్తే తలుపు చట్రం ఒరిగి బిగుసుకుపోతుంది. ఆ రాత్రి మా పడగ్గది తలుపు అలాగే ఇరుక్కుంటే మా ఆయన భుజంతో గుద్ది తీశాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ బాత్రూము గడియ పెట్టలేదు. అత్తయ్యకి అంతకంటే పెద్ద భయం, ఒంటి మీద బట్ట లేనప్పుడు వస్తే ఏం చెయ్యాలని. అందుకని ఆవిడ నీళ్ళు పోసుకున్నంతసేపూ నేను తలుపు అవతల స్టూలేసుకుని కూర్చునేదాన్ని. "అమ్మాయ్, ఉన్నావా?" "ఉన్నానత్తయ్యా." ఊరికే ఉన్నానంటే చాలదు, మాట ఆగకూడదు. మాటలు అయిపోతాయి కదా, ఏదో ఒకటి అడగాలి. పెళ్ళికాకముందు ఆవిడ ఎలా ఉండేదో, చదువు ఎందుకు మానేసిందో, మామయ్య పోయిన ఏడాది ఎలా గడిచిందో అన్నీ ఆ తలుపు ఇవతలే విన్నాను. పదేళ్ళ కాపురంలో మేమిద్దరం అంతలా మాట్లాడుకోలేదు. మూడు నెలల తర్వాత ఒక రోజు ఆవిడ లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. నేను స్టూలు మీదే ఇంకాసేపు కూర్చున్నాను.

రాత్రుళ్ళు ఇంకో రకం. కదలకపోయినా కదిలినట్టుంటుంది. జపాన్ వాళ్ళు దీనికి జిషిన్ యోయి అని పేరు పెట్టుకున్నారు, భూకంపపు కైపు అని చెప్పుకోవచ్చు. పడవ దిగాక కూడా ఒళ్ళు ఊగుతున్నట్టు ఉంటుందే, అదీ. మా పాప దీనికో ఉపాయం కనిపెట్టింది. సగం నిండిన నీళ్ళ బాటిలు ఫ్రిజ్ మీద పెట్టింది. నీళ్ళు కదిలితే నిజం, కదలకపోతే మన తలకాయే. అర్ధరాత్రి దాటాక కళ్ళు తెరిస్తే మా ఆయన కళ్ళు కూడా తెరిచే ఉండేవి. ఇద్దరం తల తిప్పి, తెరిచిన తలుపులోంచి ఫ్రిజ్ మీద బాటిలు చూసేవాళ్ళం. నీళ్ళు నిలకడగా ఉండేవి. "లారీ" అనేవాడు. "ఊఁ, లారీ" అనేదాన్ని. ఆ టైములో మా వీధిలో లారీలు తిరగవు.

మా ఆయన గురించి చెడ్డగా రాయడం లేదు, మామూలు మీద ఆయనకి ఆశ ఎక్కువ, అంతే. రెండో వారంలోనే నిలువుటద్దాన్ని మళ్ళీ పాప మంచం తలాపున తగిలించాడు. ఎన్నాళ్ళని ఇలా, ఇల్లు ఇల్లులా ఉండాలి కదా అన్నాడు. నేను తియ్యమన్నాను, తియ్యనన్నాడు, మాటా మాటా పెరిగింది. ఆ గురువారం వచ్చిన కుదుపుకి ఏమీ కాలేదు. అద్దం పడలేదు కూడా. గోడకి తగిలి టకటకమంది, అంతే. తెల్లారి లేచి చూస్తే అద్దం మంచం కింద పడుకోబెట్టి ఉంది, పాత దుప్పటి చుట్టి. ఎవరు తీశారని నేనడగలేదు.

ఇంతదాకా భయం పక్షానే మాట్లాడాను. కానీ కుమమోటో సంగతి చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది, ఎందుకంటే అది నా వాదనకి సాక్ష్యమూ అవుతుంది, ఎదురుదెబ్బా అవుతుంది. జపాన్‌లోని ఆ ప్రాంతంలో 2016 ఏప్రిల్ 14 రాత్రి గట్టి భూకంపం వచ్చింది. అదే అసలుదనుకుని ఇళ్ళకి తిరిగి వెళ్ళినవాళ్ళలో కొందరు 16 తెల్లవారకముందు వచ్చిన ఇంకా పెద్దదానికి బలైపోయారు. ఆ తర్వాత జనం ఇళ్ళలోకి వెళ్ళడానికి జంకి కార్లలో పడుకున్నారు. వాళ్ళని తప్పుపట్టే నోరు ఎవరికుంది? కానీ కాళ్ళు ముడుచుకుని రోజుల తరబడి కార్లలో పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరి ప్రాణం పోవడం కూడా జరిగింది. మందులు అందక, ఆస్పత్రులు మూతపడి, అలసటతో ఇంకెందరో పోయారు. చివరికి లెక్క తీస్తే భూకంపం నేరుగా చంపింది 50 మందిని. తర్వాతి బతుకు చంపింది 200 మందికి పైగా.

ఈ అంకె చదివిన రోజు మేం కూడా కింది వాటా వాళ్ళ కార్లో పడుకుంటున్నాం. అత్తయ్య కాళ్ళు వాచి ఉన్నాయి. ఆ రాత్రే పైకి వచ్చేశాం. ధైర్యం వచ్చి రాలేదు. ఒక భయాన్ని ఇంకో భయం గెలిచింది. నలుగురం హాల్లో, తలుపుకి దగ్గరగా, మీద పడే వస్తువేదీ లేని చోట వరసగా పరుపులు వేసుకుని, బూట్లూ టార్చీ తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాం. చీటీ వచ్చి తొమ్మిది రోజులైంది అప్పటికి. చీటీ చెప్పిందని వెళ్ళలేదు, చుట్టాలు నవ్వుతారని వెళ్ళలేదు. భయాన్ని వదిలించుకోమని మమ్మల్ని తొందరపెట్టినవాళ్ళలో ఒక్కరైనా, "సరే భయపడండి, కానీ రాత్రి ఓసారి లేచి కాళ్ళు ఆడించండి, నీళ్ళు తాగండి" అని ఉంటే ఎంత బాగుండేది.

పాప గురించి చాలామంది సలహాలిచ్చారు. అది అట్టపెట్టెతో బొమ్మరిల్లు చేసి, బొమ్మల్ని లోపల కూర్చోబెట్టి, రెండు చేతులతో పట్టుకుని ఊపేది. "టేబుల్ కిందకి! తల మీద చేతులు!" అని అరిచేది. ఇరవై లెక్కపెట్టి, "వెళ్ళిపోయింది, ఇక చదువుకోండి" అనేది. మళ్ళీ ఊపేది. చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరించి, ఆ ఆట మాన్పించండి, మర్చిపోనివ్వండి అనేవారు. నేను మాన్పించలేదు. నిజం భూకంపంలో అది చెయ్యలేనిది అక్కడ చేస్తోంది. మొదలుపెట్టేది అదే, ఆపేది అదే. కొన్నాళ్ళకి ఊపడం తగ్గి, అట్టపెట్టె గోడలకి పెన్సిలుతో గీతలు గీసి తారీఖులు వెయ్యడం మొదలైంది. ఆ మధ్య తలుపుకి ఒక చీటీ అంటించింది. పసుపు రంగుది. ఆకుపచ్చ ఎందుకు కాదే అంటే, "ఇంకా సరిగ్గా చూడలేదమ్మా" అంది.

కొన్ని విషయాల్లో మామూలుకి ఎప్పటికీ తిరిగి వెళ్ళకూడదు. దీని గురించి ఇంట్లో ఇప్పుడు తగువు లేదు. ఇటీవలి భూకంపాల్లో గాయపడినవాళ్ళలో 30 నుంచి 50 శాతం మందికి దెబ్బలు తగిలింది సామాను మీద పడటం వల్లేనని టోక్యో అగ్నిమాపక శాఖ చెబుతుంది. భూమి మన చేతిలో లేదు, బీరువా ఉంది. బీరువాలకి ఎల్ ఆకారపు క్లాంపులు వేసి గోడకి బిగించాం, బీట ఉన్న గోడకి కాదులెండి. బరువైన గిన్నెలు కింది అరలోకి, తేలికవి పైకి. మంచాల తలాపున ఏమీ లేదు. గ్యాస్ రెగ్యులేటరు ఆపడం పాపకి తప్ప అందరికీ అలవాటైంది. అద్దం ఇప్పుడు నడవాలో ఉంది, స్క్రూలతో నాలుగు మూలలా బిగించి. చుట్టాలొచ్చి, "ఇల్లేమిటి, ఇలా బోసిగా పెట్టారు?" అంటారు. అననివ్వండి.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. వాషింగ్ మెషిన్ చివర్లో బట్టలు పిండేటప్పుడు మా వాటా నేల అదిరేది. మునుపు ఎప్పుడూ పట్టించుకోని అదురు అది. ఆ మొదటి నెలలో ఒకసారి అలా అదిరితే కింది వాటావాళ్ళ పెద్దాయన చొక్కా లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. అప్పటి నుంచి బిల్డింగులో ఒక కట్టుబాటు వచ్చింది. మెషిన్ పిండటం మొదలుపెట్టే ముందు మెట్ల దగ్గరికొచ్చి గట్టిగా కేకెయ్యాలి, "మిషన్ తిరుగుతుందీ!" అని. కింద నుంచి "సరే!" అని వినబడాలి. బరువైన కుర్చీ జరిపినా అంతే.

పోయిన నెల మధ్య వాటాలో కొత్తవాళ్ళు దిగారు. భూకంపం అప్పుడు వాళ్ళు ఈ ఊళ్ళోనే లేరు. కొత్త పెళ్ళికూతురు, చిన్నపిల్ల. నిన్న మధ్యాహ్నం నేను పెన్సిలు పట్టుకుని బీట దగ్గర నిలబడి ఉండగా మెట్ల మీద నుంచి ఆ అమ్మాయి గొంతు వినబడింది. "మిషన్ తిరుగుతుందీ!" కింద నుంచి పెద్దాయన, పైనుంచి మా అత్తయ్య, ఇద్దరూ ఒకేసారి "సరే!" అన్నారు.